వచ్చినవారు వెళ్తారు.. పిల్లలు మిగులుతారు

విదేశీ బాలల గృహాల్లో విద్యార్థుల సేవాయాత్రలు: ముగ్గురు తెలుగు యువతీ యువకుల పునరాలోచన

సంక్రాంతికి సొంతూరు వచ్చిన ఆమె ముందు ఇంట్లోవాళ్లు ఒక సంగతి పెట్టారు. బాబాయి కుమార్తె అమెరికాలో చదువుతోంది. వేసవి సెలవుల్లో తోటి విద్యార్థులతో కలిసి ఒక పేద దేశంలోని అనాథ బాలల గృహంలో రెండు వారాలు సేవ చేయడానికి వెళ్తానంటోంది. విమాన టిక్కెట్టుకు, బసకు, ఆ గృహానికి కట్టవలసిన రుసుముకు డబ్బు పంపాలి. పంపడానికి బాబాయి సిద్ధంగానే ఉన్నారు. "నువ్వూ చదువుకునే రోజుల్లో అలా వెళ్లొచ్చినదానివే కదమ్మా, దానికి నాలుగు మాటలు చెప్పు" అన్నారు. "పంపకండి బాబాయ్" అని ఆమె బదులివ్వడంతో పండుగ ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "పుణ్యానికి పోతానంటే వద్దంటావేమ్మా?" అని ఆయన నొచ్చుకున్నారు.

ఆమె ఎందుకు వద్దన్నదో తెలుసుకోవడం మన జిల్లా పాఠకులకూ అవసరమే. పిల్లలను విదేశీ చదువులకు పంపిన కుటుంబాలు ఇప్పుడు పల్లెల్లోనూ ఉన్నాయి. సేవాయాత్రలకు రమ్మన్న పిలుపులు ఆ పిల్లలకు అందుతూనే ఉంటాయి. ఆమెతోపాటు ఆస్ట్రేలియాలో చదివిన మరో ఇద్దరు తెలుగు విద్యార్థులు 2014 జులైలో కంబోడియాలోని ఒక బాలల గృహంలో రెండు వారాలు గడిపారు. ఆమె ఊళ్లోనూ, మిగిలిన ఇద్దరు ఫోనులోనూ ఈ వ్యాసకర్తతో తమ అనుభవం పంచుకున్నారు. తమ పేర్లు, ఆ గృహం పేరు ప్రచురించవద్దని కోరారు.

రెండో పాఠం చెప్పేవారు లేరు

అంకోర్‌వాట్ ఆలయాన్ని చూడబోయే యాత్రికులు దిగే పట్టణం సియెం రీప్. ఆ పట్టణ శివారులో ఉన్న గృహంలో అప్పటికి నలభై మంది దాకా పిల్లలున్నారు. "వ్యాను దిగీ దిగగానే పరుగెత్తుకొచ్చి చేతులు పట్టుకున్నారు. ఐదేళ్ల పాప ఒకతె నా చంకనెక్కి దిగనంది. 'బాంగ్, బాంగ్' అని పిలిచేది. అక్కనైనా, అన్ననైనా వాళ్ల ఖ్మేర్ భాషలో అలాగే పిలుస్తారు. ముక్కూ మొహం తెలియని నా మీద ఇంత ప్రేమా అని ఆ రాత్రి కళ్లనీళ్లు పెట్టుకున్నాను" అని ఆమె గుర్తు చేసుకున్నారు.

బృందంలోని యువకునికి ఇంగ్లిషు పాఠం అప్పగించారు. రంగుల పేర్లు, శరీర భాగాల పేర్లు నేర్పుదామని అట్టముక్కల మీద బొమ్మలు వేసుకుని వెళ్లాడు. "నేను మొదలుపెట్టకముందే పిల్లలంతా పాటలాగా అప్పజెప్పేశారు. మాకంటే ముందు వచ్చిన బృందమూ అదే నేర్పిందట, దానికంటే ముందు వచ్చినదీ అదే. రెండు వారాలకొకసారి కొత్తవాళ్లు దిగుతారు, మొదటి పాఠం చెబుతారు, వెళ్లిపోతారు. రెండో పాఠం చెప్పడానికి ఎవరూ మిగలరు" అని వివరించాడు. మూడో విద్యార్థి భోజనశాల గోడకు నీలం రంగు వేశాడు. గోడ గీకుతుంటే పెచ్చుల్లో పాత పసుపు, దాని అడుగున ఆకుపచ్చ కనిపించాయి. సాయంత్రాల్లో పర్యాటకుల ముందు ఆడపిల్లలు అప్సర నృత్యం చేసేవారు. నృత్యం ముగియగానే విరాళాల పెట్టె తిరిగేది.

"పదేళ్ల అబ్బాయి ఒకడు నన్ను ఇంగ్లిషులో అడిగిన మొదటి ప్రశ్న నా పేరేమిటని కాదు. ఏ రోజు వెళ్తావు అని. వచ్చే శుక్రవారం అన్నాను. సరేనని తలూపి ఆడుకోవడానికి పోయాడు. అతనికది అలవాటే. ఆ ప్రశ్న అర్థం కావడానికి నాకు కొన్నేళ్లు పట్టింది" అని ఆమె అన్నారు.

తల్లి ఉన్న అనాథ

రెండో ఆదివారం ఒక స్త్రీ సైకిలు మీద వచ్చి గేటు దగ్గర నిలబడింది. హ్యాండిల్‌కు అరటిపళ్ల సంచి తగిలించి ఉంది. చంక దిగనన్న ఐదేళ్ల పాప వెళ్లి ఆమె ఒళ్లో కూర్చుంది. ఎవరని అడిగితే "వాళ్లమ్మ" అని అక్కడి ఉద్యోగి మామూలుగా చెప్పాడు. ఆమె వరి పొలాల్లో కూలి చేస్తుంది. తండ్రి పనికోసం థాయ్‌లాండ్ వలస వెళ్లాడు. గృహంలో చేర్పిస్తే చదువు, రెండు పూటలా తిండి దొరుకుతాయని ఎవరో చెప్పగా తీసుకొచ్చి విడిచిపెట్టింది. కార్యాలయం గోడ మీద ఆ పాప ఫొటో ఉంది. దాని కింద మాత్రం 'అనాథ' అని రాసి ఉంది.

"మా విమాన ఛార్జీలు, మేం కట్టిన రుసుము కలిపి లెక్క వేసుకున్నాం. ఆ తల్లి తన బిడ్డను ఇంట్లోనే ఉంచుకుని బడికి పంపడానికి కొన్ని సంవత్సరాలు సరిపోయే సొమ్ము అది. కానీ పాప ఇంట్లో ఉంటే చూడటానికి మేం వెళ్లేవాళ్లం కాదు" అని ఆ యువకుడు నిష్కర్షగా చెప్పాడు.

యుద్ధం ముగిసింది, గృహాలు పెరిగాయి

ఇది ఆ ఒక్క గృహానికి పరిమితమైన కథ కాదు. కంబోడియా చరిత్ర తెలిస్తేగాని దీని మూలం బోధపడదు. 1975 నుంచి 1979 వరకు సాగిన ఖ్మేర్ రూజ్ పాలనలో సుమారు 15 నుంచి 20 లక్షల మంది ప్రాణాలు కోల్పోయారు. ఆనాడు ఆ దేశంలో నిజంగానే దిక్కులేని పిల్లలు లెక్కకు మిక్కిలిగా ఉన్నారు. 1993లో ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణలో ఎన్నికలు జరిగాయి. క్రమంగా శాంతి నెలకొంది, పర్యాటకం పెరిగింది. 2005లో 14 లక్షలున్న విదేశీ పర్యాటకులు 2010 నాటికి 25 లక్షలయ్యారు.

యుద్ధకాలం నాటి అనాథలు అప్పటికి పెద్దవారైపోయారు. కాబట్టి గృహాల సంఖ్య తగ్గాలి. జరిగింది అందుకు విరుద్ధం. కంబోడియా ప్రభుత్వం, యునిసెఫ్ కలిసి 2011లో వెలువరించిన అధ్యయనం ప్రకారం 2005లో 153గా ఉన్న గృహాలు 2010 నాటికి 269కి చేరాయి. అంటే ఐదేళ్లలో 75 శాతం పెరుగుదల. వాటిలో ప్రభుత్వం నడిపేవి 21 మాత్రమే. మిగిలినవి ప్రధానంగా విదేశీ విరాళాల మీద ఆధారపడినవి. అక్కడి పిల్లల్లో ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురికి తల్లో, తండ్రో సజీవంగా ఉన్నట్లు తేలడం గమనార్హం. 2015లో దేశమంతటా లెక్క తీసినప్పుడు ఇటువంటి గృహాలు 406, వాటిలోని పిల్లలు 16,579 మంది ఉన్నట్లు వెల్లడైంది.

కారణం ఊహించడం కష్టం కాదు. పర్యాటకులు, విద్యార్థులు అనాథలను చూడాలని, ఆదుకోవాలని డబ్బుతో వస్తారు. ఆ డబ్బు గృహానికి చేరుతుందేగాని కుటుంబానికి చేరదు. పిల్లలు ఎంతమంది ఉంటే విరాళం అంత వస్తుంది. దాంతో చదువు ఆశ చూపి పేద ఇళ్ల నుంచి పిల్లలను తీసుకురావడం మొదలవుతుంది. కొన్ని గృహాలు రాత్రివేళ పర్యాటక వీధుల్లో పిల్లల చేతనే కరపత్రాలు పంచించిన ఉదంతాలూ ఉన్నాయి. 'పిల్లలు పర్యాటక ప్రదర్శనలు కారు' అనే ప్రచారాన్ని 2011లో ఆ దేశంలోనే ఫ్రెండ్స్ ఇంటర్నేషనల్ సంస్థ చేపట్టవలసి వచ్చింది. అన్ని గృహాలూ మోసమేనని దీని అర్థం కాదు. నిజాయతీగా నడిపేవారూ ఉన్నారు. అయితే నిజాయతీ గల గృహమైనా తల్లి ఒడికి ప్రత్యామ్నాయం కాలేదన్నదే అసలు విషయం.

నేపాల్ కొండల్లో అదే కథ

మన పొరుగున ఉన్న నేపాల్‌లోనూ ఇదే జరిగింది. 1996 నుంచి 2006 వరకు సాగిన అంతర్యుద్ధ కాలంలో హుమ్లా వంటి మారుమూల కొండ జిల్లాల్లో దళారులు తిరిగారు. పోరాట దళాలు పిల్లలను పట్టుకుపోకుండా కాఠ్‌మాండూలో భద్రంగా చదివిస్తామని తల్లిదండ్రులను నమ్మించారు. అందుకు వారి దగ్గరే డబ్బు తీసుకున్నారు. తీసుకెళ్లిన పిల్లలను అనాథలుగా చూపించారు.

కానర్ గ్రెనన్ అనే అమెరికా యువకుడు 2004లో కాఠ్‌మాండూ సమీపంలోని ఒక బాలల గృహానికి స్వచ్ఛంద సేవకుడిగా వచ్చాడు. తాను అనాథలనుకున్న పిల్లలకు తల్లిదండ్రులున్నారని అక్కడే తెలుసుకున్నాడు. తర్వాత నెక్స్ట్ జనరేషన్ నేపాల్ అనే సంస్థను నెలకొల్పి, పిల్లల ఫొటోలు పట్టుకుని హుమ్లా కొండల్లో కాలినడకన తిరిగి వారి కుటుంబాలను వెతికాడు. 'లిటిల్ ప్రిన్సెస్' అనే పుస్తకంలో ఈ వృత్తాంతం రాశాడు. పిల్లల చేయి పట్టుకుని ఫొటో దిగడానికీ, ఆ పిల్లల ఇల్లు వెతకడానికీ ఉన్న తేడాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. 2015 ఏప్రిల్ 25 నాటి భూకంపం తర్వాత మళ్లీ దళారులు బయలుదేరతారన్న భయంతో, అనుమతి లేకుండా పిల్లలను జిల్లాలు దాటించడాన్ని నేపాల్ ప్రభుత్వం నిషేధించింది.

మమత మంచిదే, గాయం ఎడబాటుది

"రెండు వారాలు ప్రేమ పంచితే తప్పేమిటి?" అన్నది అందరూ అడిగే ప్రశ్న. పసిపిల్లల మనసు గురించి శాస్త్రం చెబుతున్నది వింటే జవాబు దొరుకుతుంది. తల్లి లేదా తల్లిలాంటి ఒకే వ్యక్తితో నిలకడైన అనుబంధం పసితనానికి ప్రాణాధారమని బ్రిటన్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1951లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదికలో పేర్కొన్నారు. రుమేనియాలో 1989లో నియంతృత్వం కూలిన తర్వాత అక్కడి అనాథ శరణాలయాల దుస్థితి లోకానికి తెలిసింది. చార్లెస్ నెల్సన్, నాథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలు ఆ దేశ రాజధాని బుకారెస్ట్‌లో 136 మంది పసిపిల్లలపై దీర్ఘకాల పరిశోధన చేశారు. సగం మందిని పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. మిగిలిన సగం మందికి ఎప్పటిలాగే శరణాలయ సంరక్షణ కొనసాగింది. కుటుంబాల్లో పెరిగిన పిల్లలు తెలివితేటల్లో, మానసిక ఎదుగుదలలో ముందున్నారు. రెండేళ్లలోపే ఇంటికి చేరినవారికి మేలు ఎక్కువగా జరిగింది.

ఇటువంటి గృహాల్లో పెరిగే పిల్లలు కొత్తవారిని చూడగానే వాటేసుకోవడాన్ని పరిశోధకులు ప్రత్యేకంగా గుర్తించారు. ఇంట్లో పెరిగే పసిబిడ్డ కొత్త మనిషిని చూస్తే తల్లి కొంగు చాటుకు పోతుంది. పోవడానికి కొంగు లేని బిడ్డ ఎవరు చేతులు చాస్తే వారి దగ్గరకు వెళ్తుంది. అలా చేరిన ప్రతి ఒక్కరూ రెండు వారాలకు విమానమెక్కుతారు. ఏడాది తిరిగేసరికి పాతిక వీడ్కోళ్లు. "నేను ప్రేమ అనుకుని కన్నీళ్లు పెట్టుకున్నది అదేనని చదివి తెలుసుకున్నప్పుడు సిగ్గేసింది. మా ప్రేమ అబద్ధం కాదు. కానీ దాని ఖరీదు చెల్లించినది ఆ పాప" అని ఆమె వివరించారు.

ప్రపంచ దేశాలు సైతం ఈ విషయాన్ని గ్రహించాయి. ఆధునిక బానిసత్వ నిరోధక చట్టాన్ని 2018లో తెచ్చిన ఆస్ట్రేలియా, శరణాలయాలను నింపడానికి పిల్లలను తరలించడం కూడా ఆధునిక బానిసత్వమేనని గుర్తించిన తొలి దేశంగా నిలిచింది. హారీ పాటర్ నవలల రచయిత్రి జె.కె. రౌలింగ్ 2019 అక్టోబరులో లండన్‌లో జరిగిన యువజన సదస్సులో, శరణాలయాలకు స్వచ్ఛంద సేవకు వెళ్లవద్దని యువతకు పిలుపునిచ్చారు. అదే ఏడాది డిసెంబరు 18న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన బాలల హక్కుల తీర్మానం, ఇటువంటి సేవా పర్యాటకం పిల్లలకు చేటు చేస్తోందని హెచ్చరించింది.

హాస్టలుకు, ఆశ్రమానికి తేడా

"పేద పిల్లలకు తిండి, చదువు ఎక్కడ దొరికితే అక్కడ ఉండనివ్వండి" అనే వాదన ఒకటి ఉంది. ఈ వ్యాసకర్త ఇంటర్ వరకు ప్రభుత్వ సంక్షేమ వసతిగృహంలో ఉండి చదువుకున్నవాడే. ఇనుప ట్రంకుపెట్టె, నీళ్లచారు, కిటికీ రెక్కల్లేని గది ఇప్పటికీ జ్ఞాపకమే. అయితే చేర్పించిన నాడు నాన్న రిజిస్టరులో వేలిముద్ర వేశాడు. దసరాకు, సంక్రాంతికి బస్సెక్కి ఇంటికి వెళ్లేవాళ్లం. మమ్మల్ని ఎవరూ అనాథలనలేదు. మా వసతిగృహం నడవడానికి మాకు తల్లిదండ్రులు లేరని చెప్పవలసిన అవసరమూ రాలేదు.

కంబోడియా తల్లి కోరుకున్నదీ, మా నాన్న కోరుకున్నదీ ఒక్కటే. మాకు ప్రభుత్వం దాన్ని హక్కుగా ఇచ్చింది. ఆ పాపకు అది దొరకాలంటే అనాథ అనే పేరు తగిలించుకోవలసి వచ్చింది. పేదరికానికి మందు బడి, కూలి, రేషను. తల్లిని దూరం చేయడం కాదు.

మన గుమ్మం ముందు సంగతి

దూరదేశాన్ని వేలెత్తి చూపేముందు మన వంక కూడా చూసుకోవాలి. 'జన్మదినం సందర్భంగా అనాథాశ్రమంలో పండ్ల పంపిణీ' అనే వార్త లేకుండా జిల్లా పేజీ వెలువడిన రోజులు తక్కువ. వరుసగా నిలబెట్టిన పిల్లలు, చేతిలో యాపిల్, పక్కన దాత. అటువంటి ఫొటోలు ఈ వ్యాసకర్తా ఎన్నో పంపాడు. ఆ పిల్లల్లో ఎందరికి తల్లులున్నారని ఒక్కనాడూ అడగలేదు.

మన దేశంలో అమలవుతున్న 2015 నాటి బాలల న్యాయ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. పిల్లలను సంస్థల్లో ఉంచడం చివరి మార్గం మాత్రమే కావాలని అది నిర్దేశించింది. బాలల సంరక్షణ సంస్థలన్నీ విధిగా నమోదు కావాలని 41వ సెక్షన్ చెబుతోంది. సంరక్షణ అవసరమైన పిల్లల ఫొటోలు, గుర్తుపట్టే వివరాలు పత్రికల్లో ప్రచురించరాదని 74వ సెక్షన్ ఆంక్ష విధించింది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కష్టాల్లో ఉన్న పిల్లలు ఇంట్లోనే ఉండి చదువుకునేందుకు మిషన్ వాత్సల్య పథకం కింద అర్హులకు నెలకు 4,000 రూపాయల సాయం అందించే వీలు కూడా ఉంది. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఈ వివరాలు తెలుసుకోవచ్చు. ఆపదలో ఉన్న పిల్లల గురించి 1098 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

పంపేముందు అడగండి

సేవ చేయాలన్న యువత ఆకాంక్షను కాదనవలసిన పని లేదు. దాన్ని సరైన దారిలో పెట్టడమే పెద్దల బాధ్యత. విదేశంలోనైనా, మన ఊళ్లోనైనా బాలల గృహానికి డబ్బు, మనుషులను పంపేముందు ఈ ప్రశ్నలు వేయాలని ఆ ముగ్గురూ సూచిస్తున్నారు.

- అక్కడి పిల్లల్లో తల్లో, తండ్రో ఉన్నవారు ఎందరు? గత ఏడాది ఎందరిని తిరిగి ఇంటికి చేర్చారు?

- గృహం ప్రభుత్వం వద్ద నమోదైందా? తనిఖీ చివరిసారి ఎప్పుడు జరిగింది?

- ఏ విచారణా లేకుండా కొత్తవారిని పిల్లల మధ్యకు పంపుతున్నారా? అలాగైతే రేపు దుర్మార్గుడినీ పంపుతారు.

- మీరు చేయబోయే పని జీతం మీద చేయగల స్థానికులు లేరా? గోడకు సున్నం వేయడానికి సముద్రం దాటనక్కర్లేదు.

- మీ సొంత ఊరి బడిలో పాఠం చెప్పడానికి మీకు అనుమతి ఇస్తారా? ఇవ్వకపోతే అక్కడ మాత్రం ఎలా చెబుతారు?

వైద్యం, నర్సింగ్, ఇంజినీరింగ్ వంటి నైపుణ్యం ఉన్నవారు అక్కడి సిబ్బందికి శిక్షణ ఇస్తే, వారు వెళ్లిపోయినా ఆ విద్య మిగులుతుంది. యాత్రకు వెళ్లినవారు యువతకు పని నేర్పే సంస్థల దగ్గర కొనుగోలు చేయడమూ ఒక సాయమే. కంబోడియా రాజధాని నాంపెన్‌లో ఫ్రెండ్స్ ఇంటర్నేషనల్ నడుపుతున్న శిక్షణ భోజనశాలలు అటువంటివి. అక్కడ వడ్డించే యువకుడు అతిథి ముందు అనాథగా నిలబడనక్కర్లేదు, పని నేర్చుకుంటున్నవాడిగా నిలబడతాడు.

తిరిగి సంక్రాంతి ఇంటికి వద్దాం. బాబాయి డబ్బు పంపడం ఆపారు. చెల్లెలు ఫోనులో అలిగింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే ఫోన్ చేసి, అక్క చెప్పిన ప్రశ్నల్లో మొదటిదాన్ని తమ బృందం తరఫున ఆ గృహానికి రాసి పంపానని చెప్పింది. ఈ వ్యాసం రాసేనాటికి జవాబు రాలేదు.